పరుగిడు గీత

మా సిద్దిపేట యింట మావారి మేజాపై నొక పాత ఆసిల్లోస్కోపు గలదు. విద్యుత్తు నడకను వెలుగుగీతగా చూపు యంత్రమది. మావారు బడిలో భౌతికశాస్త్రము బోధింతురు. పిల్లలకు చూపదలచిన ప్రయోగములను ముందుగా నింట సరిచూచుకొందురు. గడచిన ఆదివారమున మా అమ్మాయి దానిపై దుమ్ము తుడువబోగా నొక నాబు కదలినది. అంతవరకు నిలుకడగా నున్న తరంగము తెరపై పరుగులిడసాగెను. “చెడగొట్టితివి గదా!” యని తండ్రి యొక్కమాట యనిరి. పిల్ల కంట నీరు పెట్టుకొని, నాటినుండి ఆ గది గడప త్రొక్కలేదు.

మాకది సహింపరాదయ్యెను. మరునాడు మావారు బడికి వెళ్లిన పిమ్మట, యంత్రముతో వచ్చిన పుస్తకమును ముందిడుకొని కూర్చుంటిమి. కావ్యములకు టీక చూచి యర్థము కూర్చుకొనుట మాకు చిన్ననాటి యలవాటు. ఇదియు నట్టి టీకయే. రసము మాత్రము తక్కువ.

తెరపై వెలుగుచుక్క యెడమనుండి కుడికి పరుగెత్తి, మరల వెనుకకు వచ్చి, గీసినచోటనే గీయుచుండును. వేసిన ముగ్గుమీదనే మరల ముగ్గు వేయవలెనన్న ప్రతిసారి ఆ మొదటి చుక్కకడనే యెత్తుకొనవలెను గదా! వేరువేరు చుక్కల కడ మొదలిడిన వాకిలి యంతయు గజిబిజి. ఆ మొదటి చుక్కను పట్టి యిచ్చునదే ట్రిగ్గరు. తరంగ మెంత యెత్తునకు వచ్చినప్పుడు గీత మొదలిడవలెనో లెవెలు నాబు చెప్పును. ఎక్కునప్పుడో, దిగునప్పుడో స్లోపు మీట చెప్పును. 1947లో వెలువడిన టెక్‌ట్రానిక్స్ వారి 511 యంత్రమునందు నిదే సూత్రము.

మన యిండ్ల విద్యుత్తు సెకనునకు 50 సారు లూగును. ఒక్క యూపునకు 20 మిల్లీసెకనులు. గడికి 5 మిల్లీసెకనుల చొప్పున పది గడుల తెరపై రెండున్నర తరంగములు కనబడవలెను. (సోదరీమణులారా, గోడప్లగ్గు కరెంటును దీనికి నేరుగా కలుపుట ప్రాణాపాయము. మావారు చిన్న ట్రాన్స్‌ఫార్మరుతో 6 వోల్టులకు దించి కలుపుదురు.)

చూతుము గదా, లెవెలు నాబు కొసకంట తిరిగియున్నది! తరంగపు శిఖరమైన నంత యెత్తున కందదు. ఆటోలో నున్న యంత్రము కొంత వేచి, సంకేత మందకున్నను దనంత తానే గీయును. అందుచే నా పరుగు. నార్మలునకు మార్చితిమి. తెర చీకటియయ్యెను! మేమును చెడగొట్టితిమా యని గుండె జల్లుమన్నది. సంకేత మందనిదే నార్మలులో గీత పుట్టదని పుస్తకమున నుండుట చూచి యూపిరి పీల్చుకొని, లెవెలును మెల్లగా నడిమికి దెచ్చితిమి. గీత నిలిచెను.

వెంటనే నిలిచిన నాబును మరల కొసకు త్రిప్పి, అమ్మాయిని బిలిచి, దాని చేతనే సరిచేయించితిమి. సాయంకాలము తండ్రి రాగానే పిల్ల యంతయు చేసి చూపినది. ఆయన కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, “నేను చూడకయే నిన్నంటినమ్మా. మన హార్మోనియము స్వరమును మైకుతో పెట్టిన నిది నిలుచునేమో చూడుము” అనిరి.

నిలువలేదు. ఆ స్వర మొక్క యూపులోనే అదే యెత్తును పలుమారు దాటునట. ఒకసారి గీసిన పిదప మరల మొదలిడకుండ కొంత యాపుటకు హోల్డాఫ్ అను నాబు వేరొకటి గలదు. తండ్రి హార్మోనియము మెట్టు నొక్కి పట్టియుండగా బిడ్డ యా నాబు త్రిప్పుచున్నది. వంట చల్లారుచున్నదని మేము రెండుమారులు పిలిచితిమి.