ఆదవానిసీమ పల్లెచర్చిలు

ఆదవానికి వచ్చినవారు కొండకోటను, జుమ్మామసీదును చూడక మరలరు. మసీదు కట్టించిన సిద్ది మసూద్‌ఖాను బిజాపూరు సుల్తానుల పక్షమున ఈ సీమ నేలిన హబ్షీ సరదారు. 1688లో ఔరంగజేబు సేనలు ఫిరంగులను మసీదుమీదికి త్రిప్పగా, దానికి దెబ్బ తగులుట చూడజాలక ఆతడు కోటను విడిచిపెట్టెనని చెప్పుదురు. రాఘవేంద్రస్వామికి మంచాలగ్రామము నిచ్చినవాడును ఆతడే యని మంత్రాలయమున ప్రసిద్ధి. ఇట్టి కట్టడములకు కథ చెప్పువారి కొదవ లేదు. మేము చూడబోయినవి వేఱు. ఆదవాని, ఎమ్మిగనూరు, కోసిగి - ఈ మూటినడుమ గుండ్లగుట్టల చాటున, ఊరికి వెలియైన మాలగేరులలో, మాదిగగేరులలో కట్టుకొన్న చిన్నచిన్న చర్చిలు. వానికి శాసనములు లేవు, గోపురములు లేవు. కొన్నింటికి మట్టిమిద్దె, కొన్నింటికి రేకులు. సున్నము కొట్టిన గోడమీద సిలువగుఱుతు లేకున్న బడి యనియే అనుకొందుము.

ఈ తాలూకా 1953 వఱకు బళ్లారిజిల్లాలోనిది. బళ్లారికి లండను మిషనువారు 1810లోనే వచ్చిరి. అయినను తెలుగుదేశపు పల్లెలలో క్రైస్తవము వేరూనినది దొరల ఉపన్యాసములవలన కంటె, 1876-78 నాటి మహాక్షామమునకు అటునిటు వెలివాడలలో పుట్టిన కదలికవలన ననుటయే న్యాయము. మనవారు దానిని ధాతకరువందురు. కూటికొఱకు మతము మార్చుకొనిరని నేటికిని తేలికగా ననుట కలదు. అట్లనువారు ఒంగోలువృత్తాంతము తెలిసికొనవలెను. క్లౌదొర కరువుకాలమున మాదిగలకు బకింగుహాం కాలువత్రవ్వకములో పని యిప్పించెను గాని, అన్నముకొఱకు వచ్చిరను మాట రాకుండుటకై అప్పుడు బాప్తిస్మము నిరాకరించెను. అయినను వారు విడువరైరి. 1878 జూలై 3వ తేదీన ఒక్కదినముననే 2,222 మంది స్నానము పొందిరి. పని యిచ్చినవానిని పొగడుట సులభము. కాదన్నను నిలిచి అడిగినవారి పట్టుదల గణనకు రాలేదు.

సంక్రాంతి దాటిన పిదప ఒక ఆదివారము మేము పోయిన మొదటి గేరిలో చర్చి తాళము వేసియుండెను. క్రిస్టమసునాటి కాగితపునక్షత్రము చూరున వ్రేలాడుచుండెను. ఒక అవ్వ తాళపుచెవి కొంగున ముడివేసికొని వచ్చి, “అందరూ సుగ్గికి పోయిండారు నాయనా, ఉగాదికి తిరిగొస్తారు” అనెను. సుగ్గి యనగా ఇచటివారికి వలసయే. తుంగభద్ర దిగువకాలువ ఈ సీమలో పాఱుచున్నను, నీరందని మెట్ట చాల గలదు. అందుచే మిరపకాయ కోతకు, పత్తి తీతకు గుంటూరుసీమకు సంసారములే తరలును. పిల్లలు బడి విడిచి తల్లిదండ్రులవెంట పోవుదురు. ఆ యేటి చదువు ఆ చేలలోనే ముగియును.

లోపల చుట్టిన చాపలు, ఆంధ్రక్రైస్తవ కీర్తనల పుస్తకములు నాలుగు, మూల నొక తప్పెట. పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) మొదలగువారు రాగతాళములతో కూర్చిన కీర్తనలకు ఆ తప్పెటయే దరువు. ఆ తప్పెటను చూచుచు మేము కొంతసేపు నిలిచితిమి. తరతరములుగా ఊరివారి చావులకును, జాతరలకును దానిని మ్రోగించుట మాదిగవానికి విధి. గుడిలోనికి మాత్రము రాగూడదు. ఇచట తప్పెటయు, తప్పెట కొట్టువాడును లోపలనే యున్నారు. ఈ గోడలు కట్టిన ప్రయోజన మిదియే యని మాకు తోచినది.

అవ్వను పేరడిగితిమి. “గుళ్లో మరియమ్మ, రేషను కార్డులో మారెమ్మ” అని నవ్వెను. ఆ నవ్వు వెనుక నున్నది నవ్వులాట కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము హిందువు కానివాడు షెడ్యూల్డు కులమువాడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ నిబంధన సడలినది, క్రైస్తవులకు సడలలేదు. మన రాష్ట్రమున వారు వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గము. వారి పాలు 1 శాతము. షెడ్యూల్డు కులములకు 15. 1989 నాటి అత్యాచారనిరోధ చట్టపు రక్షయు చర్చికి పోవుచున్నానని ఒప్పుకొన్నవానికి సందేహమే. వీధిలో తిట్టువాడు మాత్రము ఏ గుడికి పోవుచున్నావని అడిగి తిట్టడు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఈ భేదమును తొలగింపుమని తీర్మానించి కేంద్రమునకు పంపెను. కావున బిడ్డను కాలేజీలో చేర్చునపుడు తండ్రి చర్చిని కాగితములో దాచును. దీనిని మోసమనువారు మాకు తారసపడిరి. తాత నిలిచి అడిగి పుచ్చుకొన్న పేరును మనుమడు నోట పలుకక మ్రింగవలసిన స్థితిని కల్పించినదెవరో వారు చెప్పలేదు.

అట్లని చర్చిని ఆకాశమున కెత్తుటకు మేము సిద్ధముగా లేము. ఎమ్మిగనూరు దారిలో ఒక పెద్దగ్రామమున రెండు చర్చిలు చూచితిమి: మాలల దొకటి, మాదిగల దొకటి. నడుమ నూఱడుగుల వీధి. సమాధులతోటలును రెండు. ఒకే చర్చి చాలదా యని అందొకదాని పాస్టరుగారి నడిగితిమి. ఆయన మమ్ము బెంచీమీద కూర్చుండబెట్టి, టీ తెప్పించి, కొంత తడవు మాటాడక, “పాటలు ఒకటే సార్, వాక్యమూ ఒకటే. పిల్లనిచ్చేది, తెచ్చేది మాత్రం లేదు” అనిరి.