కృష్ణజింకా, కౌలు రైతూ

ఆఫ్రికాలో డబ్బు కట్టి ఇంపాలా జింకలను వేటాడే సఫారీ వీడియో ఒకటి చూశాను. ఏ జంతువుకు ఎంతో రేటు పట్టికే ఉంది. చూస్తుంటే నా మనసు మన రోళ్లపాడు మీదికి పోయింది.

బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. పిట్ట దాదాపు కనుమరుగైంది, కృష్ణజింకలు మాత్రం పెరిగాయి. మగదాన్ని చూడాలి! నల్లటి వీపు, తెల్లటి పొట్ట, మెలితిరిగిన కొమ్ములు. తన హద్దు తెలిపేందుకు ఒకేచోట పెంటికలు కుప్పగా వేసి, ఆ పక్కనే తలెత్తి నిలబడుతుంది. ఎంత రాజసమో!

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని చంపితే కనీసం 3 ఏళ్ల జైలు. ఇదే జింకను 1930ల్లో అమెరికాలోని టెక్సాస్‌కు తీసుకుపోయారు. ఇప్పుడక్కడి ప్రైవేటు రాంచుల్లో డబ్బు తీసుకుని వేటాడనిస్తున్నారు. మన దగ్గర ఆ పద్ధతి వద్దే వద్దు. అది మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు.

కానీ మా ఉయ్యాలవాడ నల్లరేగట్లో శనగ వేసే మనుషుల మధ్య పెరిగినదాన్ని, లేత చేనులో జింకల మంద పడితే ఏమవుతుందో నాకు తెలుసు. చేను చుట్టూ పాత చీరలు కట్టి, రాత్రంతా టార్చిలైటుతో కాపలా కాసినా తెల్లారేసరికి సాళ్లు బోసిపోతాయి. కౌలు మాత్రం కట్టాల్సిందే కదా. నష్టపరిహారం ఆ పంటకాలంలోనే రావాలి, అదీ పట్టాదారుకు కాదు, విత్తనం వేసినవాడికి.