మామ్మకి నాలుగు చక్రాలు

మనిషి చక్రాన్ని కనిపెట్టి ఐదువేల ఏళ్ళు దాటింది. బండికి పెట్టాడు, రాట్నానికి పెట్టాడు, ఏతా వాతా విమానానికీ పెట్టాడు. కాళ్ళు తడబడే ముసలివాళ్ళ చేతికి మాత్రం చాలాకాలం కర్రే ఇచ్చాడు. చిత్రమేమిటంటే, నడక రాని పిల్లలకి మన వడ్రంగులు మూడు చక్రాల చెక్కబండి ఎప్పుడో చేసిపెట్టారు. నడక తప్పుతున్న పెద్దలకి నాలుగు చక్రాల బండిని 1978లో స్వీడన్ దేశంలో ఐనా విఫాల్క్ అనే ఆవిడ రూపొందించింది. ఆవిడ స్వయంగా పోలియో బాధితురాలు. పడ్డవాళ్ళకే తెలుస్తుంది కదా పాట్లు! ఆ బండినే రోలేటర్ అంటున్నారు.

ఈ సంగతులన్నీ నేను వెతకడానికి కారణం మా మామ్మ. మాది పి.గన్నవరం. ఊడ్పులూ, కోతలూ, కొబ్బరి దింపులూ అన్నీ గట్ల మీద నడిచి చూసుకున్న మనిషికి రెండేళ్ళుగా మోకాళ్ళు పట్టు తప్పాయి. "మంచం దగ్గరికే అన్నీ అందిస్తే సరిపోయె" అన్నారు నాన్నగారు. ప్రేమతోనే అన్నారు. కాని అమ్మ ఒక సంగతి కనిపెట్టింది. సాయంత్రం ఐదయ్యేసరికి మామ్మ మంచినీళ్ళు మానేస్తోంది. నడివేసవిలోనూ అంతే. అడిగితే "దాహం వెయ్యట్లేదే" అనేది. అసలు సంగతి వేరు. రాత్రి దొడ్లోకి వెళ్ళాలంటే అమ్మని లేపాలి. పొద్దస్తమానం పనిచేసి పడుకున్న కోడల్ని లేపడానికి ఆవిడకి మనసొప్పదు. అంతకంటే ముఖ్యం, ఒకరు చెయ్యి పట్టుకుంటేగాని కదల్లేననడం ఆవిడకి చిన్నతనం.

అమలాపురంలో ఫిజియోథెరపిస్టు గారు ఓపిగ్గా విడమరిచి చెప్పారు. కర్ర ఒకవైపే ఆసరా. చక్రాలు లేని వాకరు గట్టిగా నిలుస్తుంది గాని, అడుగడుక్కీ ఎత్తి పెట్టాలి. ముందు రెండు చక్రాలున్నది తోస్తే కదులుతుంది, బరువు వేస్తే వెనక కాళ్ళు నేలని పట్టుకుంటాయి. నాలుగు చక్రాలది అన్నిటికంటే సుళువు. అలిసిపోతే కూర్చోవడానికి సీటు కూడా ఉంటుంది. అయితే ఒంటి బరువంతా దానిమీద వాల్చేవాళ్ళకీ, బ్రేకు పిండే బలం లేనివాళ్ళకీ, పిండాలన్న జ్ఞాపకం ఉండనివాళ్ళకీ అది పనికిరాదు. ముందుకి జారిపోతుంది, మనిషి పడిపోతుంది. ఆయన తన వేళ్ళు ఇచ్చి "పిండండమ్మా" అన్నారు. నలభయ్యేళ్ళు గేదెల పాలు పిండిన చేతులవి! ఆయన "చాలండి, చాలండి" అనేదాకా వదల్లేదు. మామ్మకి ఆసరా కావలసింది బరువు మొయ్యడానికి కాదు, తూలకుండా ఉండటానికి. కనుక నాలుగు చక్రాలే అనుకున్నాం.

ఇక ఏ చక్రాలు? ఇక్కడ నా బి.యస్సీ. చదువు కాస్త అక్కరకొచ్చింది. మా వాకిట్లో ఇసకా, కొబ్బరి మట్టలూ, పెచ్చులూడిన సిమెంటూ. 2 సెంటీమీటర్ల మిట్ట ఎక్కాలంటే, 5 సెంటీమీటర్ల వ్యాసార్ధమున్న చక్రాన్ని ఇరుసు దగ్గర అడ్డంగా, అది మోసే బరువుకి 1.33 రెట్ల బలంతో తొయ్యాలి. వ్యాసార్ధం 10 సెంటీమీటర్లయితే 0.75 రెట్లు చాలు. భ్రామకాల లెక్క వేస్తే ఎవరికైనా తేలుతుంది. కనుక పెద్ద చక్రాలవే తీసుకున్నాం. వెళ్ళేముందే దొడ్డి తలుపు వెడల్పు టేపుతో కొలిచి రాసుకున్నాను. బండి కొన్నాక తలుపు పట్టకపోతే ఏం లాభం? పిడి ఎత్తు కూడా చూడాలి. నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు మడత దగ్గరికి పిడి రావాలి. మరీ ఎత్తయితే భుజాలు లాగుతాయి, కిందికైతే నడుం వంగుతుంది. కూర్చోబోయే ముందు రెండు బ్రేకులూ బిగించాలి. మనిషి కూర్చుని ఉండగా తొయ్యరాదు, అది చక్రాల కుర్చీ కాదు.

అన్నీ కుదిరాయి, మామ్మ కుదరలేదు. "చంటిపిల్లలా బండి తోసుకు తిరగమంటావా? ఊరు నవ్వదూ?" అంది.

"కాలవకి వైనతేయ అడ్డొస్తే, కాలవని అక్కడే ఆపేశారా మామ్మా? నది మీదుగా అక్విడక్టు కట్టి దాటించలేదూ?" అన్నాను.

"అది కట్టించింది కాటన్ దొరరా, నువ్వు కాదు" అంది. కాని నవ్వింది.

మా గడప ఎత్తు ఏ చక్రమూ ఎక్కలేనిది. వడ్రంగి చేత రెండువైపులా వాలు చెక్కలు వేయించాం. గడప తొక్కకూడదు కనుక, తొక్కకుండా దాటించే ఉపాయమని చెప్పాక మామ్మ ఒప్పుకుని, ఆ చెక్కకీ పసుపు రాసింది. మొదటి వారం అమ్మ వెనకాలే నడిచింది. తర్వాత మామ్మే "నువ్వు పోయి పని చూసుకో" అంది. ఇప్పుడు పొరుగింటి పెద్దావిడతో కబుర్లకి తనంతట తనే వెళ్తోంది. వాన పడి వాకిలి బురదైన రోజున మాత్రం ఏ చక్రమూ పనిచెయ్యదు, మళ్ళీ మన చెయ్యే కావాలి. రాత్రిళ్ళు మంచం పక్కన చెంబెడు నీళ్ళు పెట్టుకుంటోంది. తెల్లారేసరికి చెంబు ఖాళీ.

కొనే స్తోమత లేనివాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. దారిద్ర్యరేఖకి దిగువనున్న వృద్ధులకి చేతికర్రలూ, వాకర్లూ, వినికిడి యంత్రాలూ ఉచితంగా ఇవ్వడానికి కేంద్ర ప్రభుత్వం రాష్ట్రీయ వయోశ్రీ యోజనను 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే ప్రారంభించింది. చదువుకున్న మనం అటువంటివాటి గురించి వాకబు చేసి, మన వీధిలోని పెద్దలకి ఒక దరఖాస్తు రాసిపెట్టలేమా?

మిత్రులారా! ఈసారి సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు, మీ ఇంట్లో పెద్దవాళ్ళు పొద్దుగూకాక మంచినీళ్ళు తాగుతున్నారో లేదో ఒక్కసారి చూడండి.