నీటి తిత్తి

మా మాదిగవాడలో రొమ్ములో గడ్డ అంటే చావు కబురే. మా పెద్దమ్మ మిర్యాలగూడ రైసుమిల్లులో కూలి చేసేది. గడ్డను రెండేండ్లు కొంగు చాటున దాచుకుంది. "సూది గుచ్చితే పాకుతదంట బిడ్డా" అని ఆకుపసరు కట్టుకుంది. పుండు పడి చనిపోయింది. ఆమెను తప్పు పట్టను. గడ్డ సంగతి ఆమెకు కూర్చోబెట్టి చెప్పినోళ్లు ఒక్కరూ లేరు.

నలభై రెండేండ్లప్పుడు నా ఎడమ రొమ్ములో రేగుపండంత గడ్డ చేతికి తగిలింది. ఒకటే సలుపుడు. కోదాడలో స్కానింగుకు పోయాను. గది ముంగట 1994 చట్టం బోర్డు, కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పరని. బెంచీ మీద ఆడోళ్లు "ఎన్నో నెల?" అని అడిగిన్రు. స్కానింగు చేసినాయన ఊరు, వాడ అడిగాడు. అడిగినంక గొంతు మారింది. నా మొఖం చూడకుండా మా ఆయనకే చెప్పాడు: "సిస్టు. సూదితో తీయించుకోండి." నా ఒంట్లో ఉన్నదాని సంగతి నాకు చెప్పలేదు. ఆ చూపు మాకు ఎరుకే. హోటల్లో మాకు వేరే గ్లాసు పెట్టిన కాడ చూసిందే.

సూర్యాపేటలో ఒక డాక్టరమ్మ నన్ను కుర్చీలో కూర్చోమంది. "ఇది నీటి తిత్తి అమ్మా, క్యాన్సరు కాదు. 35 నుంచి 50 ఏండ్ల మధ్య చాలామందికి వస్తుంది. నొప్పి లేకుంటే తీయకపోయినా ఫరవాలేదు" అంది. తిత్తి నాకు కొత్త మాట కాదు. మా తాత కొలిమికి తోలు తిత్తులు కుట్టినోడే.

రక్తం పలచబడే గోళీలు మింగుతున్నవా అని అడిగింది. చెయ్యి తల మీదికి పెట్టి పండుకోమంది. స్పిరిటుతో తుడిచి చల్లటి జెల్లీ రాసింది. ఇది ఎక్స్‌రే కాదట, చెవికి వినపడని శబ్దం లోపలికి పోయి తిరిగొచ్చి బొమ్మ చూపిస్తదట. తెర నా దిక్కు తిప్పింది. తిత్తి నల్లగా గుండ్రంగా ఉంది, సూది తెల్లగీత లెక్క కనిపించింది. చురుక్కుమంది, రక్తం తీసినప్పటి కంటే ఎక్కువేం కాదు. సిరంజిలోకి పసుపు నీళ్లొచ్చినయి. తెర మీద నల్లగుండు ముడుచుకుపోయింది.

"నెత్తురు కలిసుంటే పరీక్షకు పంపేదాన్ని. గడ్డ మిగిలితే ముక్క తీసి చూసేదాన్ని. మళ్లీ నిండితే మళ్లీ రా" అంది. పట్టీ వేసింది. పావుగంట పట్టలేదు. రెండు మూడు రోజులు కమిలి ఉండె.

ఇదంతా చెప్పడానికి ఆమెకు అయిదు నిమిషాలు పట్టింది. మా పెద్దమ్మకు ఆ అయిదు నిమిషాలు ఎవరూ ఇయ్యలేదు.

2019లో సూర్యాపేటకు సర్కారు మెడికల్ కాలేజీ వచ్చింది. డాక్టరు చదువు చదివే మన పిల్లలు ఈ మాట వాడలోకి తేవాలె. సంఘం మీటింగుల్లో భూమి, కూలి గురించి మాట్లాడుతున్నం. ఆడోళ్ల ఒంటి గురించీ మాట్లాడుండ్రి. అన్ని గడ్డలూ నీటి తిత్తులు కావు, చూపెడితేనే తెలుస్తది. సూదికి భయపడి ఊకుంటేనే రోగం ముదురుతది. "ఏం చేస్తున్నరు? ఎందుకు చేస్తున్నరు? నాకు చెప్పుండ్రి" అని అడిగే హక్కు మనకున్నది. అడుగుండ్రి.