ఆరవ వాద్యం



2003లో నేను వేదాంత పాఠశాలలో డిప్లొమా రెండవ సంవత్సరం చదువుతున్నాను. మా విద్యార్థుల వాద్యబృందంలో అయిదుగురం ఉండేవాళ్ళం. శనివారం వచ్చిందంటే వాద్యాలు చంకన పెట్టుకొని బస్సెక్కి, పల్లెల్లో కూటాలకు వెళ్ళేవాళ్ళం.

హార్మోనియం అన్న అందరిలో పెద్దవాడు. ఎడమచేత్తో తిత్తి ఊపుతూ, కుడిచేతి వేళ్ళతో మెట్లు నొక్కుతూ, పాట కూడా తానే ఎత్తుకునేవాడు. తబలా తమ్ముడు చిన్న సుత్తితో తట్టి శ్రుతి కుదిరేదాకా ఎవరినీ నోరు విప్పనిచ్చేవాడు కాదు. గిటారు తమ్ముడిది పట్నం. మరొకతను బుల్‌బుల్ వాయించేవాడు. టైపు మిషను మీటల్లాంటి ఆ మీటలను చూడటానికే పిల్లలు చుట్టూ మూగేవారు. నాకేమో తాళాలు. "నీకు ఇంకేమీ రాదా బ్రదర్?" అని అడిగితే రాదనేవాణ్ణి.

అది అబద్ధం. మా నాన్న డప్పు కళాకారుడు. పెళ్ళికీ, చావుకీ, ఊరి చాటింపుకీ డప్పు కొట్టి, ఆ కూలితోనే నన్ను చదివించారు. కుడిచేత చిర్ర, ఎడమచేత చిటికెన పుల్ల పట్టడం నాకు ఏడేళ్ళకే నేర్పారు. ఆ సంగతి పాఠశాలలో ఎవరికీ చెప్పలేదు. చెబితే నా కులం, మా ఇల్లు అన్నీ తెలిసిపోతాయని నామోషీ.

ఒక రాత్రి కూటానికి వెళ్తుంటే దారిలో వాన పట్టుకుంది. తబలా తడిసింది. చర్మం మెత్తబడి మోగలేదు. అప్పుడు ఆ ఊరి పెద్దాయన ఒకరు ఇంటినుండి డప్పు తెచ్చి, "ఎవరైనా కొడతారా బాబూ?" అన్నారు. నేను తల వంచుకున్నాను. తబలా తమ్ముడు చేత్తో కొట్టి చూశాడు గాని కుదరలేదు. చివరికి ఆ పెద్దాయనే గడ్డి మంట వేసి, డప్పును సెగకు కాచి, భుజానికి తగిలించుకున్నారు. మొదటి దెబ్బకే జనం లేచి నిలబడ్డారు. అంత బిగ్గరగా మా కూటాల్లో పాడటం నేనెన్నడూ వినలేదు. నా చేతిలోని తాళాలు మాత్రం కదలలేదు.

ఆ వారమే పాత నిబంధన అయ్యగారు నిర్గమకాండము 15వ అధ్యాయం బోధించారు. మిర్యాము చేతపట్టిన వాద్యాన్ని మన తెలుగు బైబిలులో తంబుర అన్నారు గాని, హెబ్రీ మాట 'తోఫ్' అనీ, అది గుండ్రని చట్రానికి చర్మం బిగించి వాయించే వాద్యమనీ ఆయన చెప్పారు. నా గుండె ఝల్లుమంది. హార్మోనియానికి పేటెంటు పుచ్చుకున్నది ప్యారిస్ నగరంలో. గిటారు స్పెయిన్ దేశపుది. వాటికి మందిరంలో పీట వేశాం. మిర్యాము వాద్యానికి దగ్గరి చుట్టమైన మన డప్పును మాత్రం గుమ్మం బయటే నిలబెట్టాం.

సెలవులకు ఇంటికి వెళ్ళి, "నాన్నా, డప్పేది?" అని అడిగాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "నువ్వు పాదిరి చదువుకు పోయావు కదయ్యా. నీకు తలవంపులని అటకమీద పెట్టేశాను" అన్నారు. దించి చూస్తే చర్మాన్ని ఎలుకలు కొరికేశాయి. నేను దాచిన సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. తండ్రికి చెప్పనక్కరలేదు.

ఇద్దరం కూర్చొని కొత్త చర్మం బిగించాం. ఆ క్రిస్మస్‌కు మా వాద్యబృందాన్ని మా ఊరికి పిలిచాను. పెద్దలు డప్పును లోపలికి రానివ్వలేదు. నాన్న మందిరం మెట్లమీదే నిలబడి వాయించారు, నేను ఆయన పక్కన నిలబడి రెండో డప్పు వాయించాను. లోపలున్న నలుగురు స్నేహితులు ఒక్కొక్కరే తమ వాద్యాలతో బయటికి వచ్చేశారు.

నాన్న ఇప్పుడు లేరు. నేను కాపరిగా ఉన్న సంఘంలో హార్మోనియం పక్కనే ఆయన డప్పు ఉంటుంది. ఒకప్పుడు దానితో ఊరికి వార్త చాటేవారు. మనకు అప్పగించిన పని కూడా శుభవార్త చాటడమే గదా!

యౌవనులారా, కీబోర్డు నేర్చుకోండి, సంతోషమే. అయితే ఈ రాత్రి మీ నాన్నగారిని, తాతగారిని ఒక్క మాట అడగండి: "మీరేం వాయించేవారు?" అటకమీద ఏముందో చూడండి.