ఓడిన రాత్రి

ఫిగర్ స్కేటింగ్ పోటీలలో కన్నీరు పెట్టుకోవడానికి ఒక స్థలాన్ని ప్రత్యేకంగా కేటాయించి ఉంచుతారు. మంచురంగం అంచున పూలతో అలంకరించిన ఒక బల్ల అది. ప్రదర్శన ముగించుకొని వచ్చిన క్రీడాకారిణి రొప్పుతూ, శిక్షకుని పక్కన ఆ బల్లపై కూర్చుని, న్యాయనిర్ణేతలు ఇచ్చే మార్కులకై ఎదురుచూస్తుంది. ఎదుట కెమెరా ఉంటుంది. క్రీడాపరిభాషలో ఆ చోటికి ‘కిస్ అండ్ క్రై’ అని పేరు. గెలిస్తే ముద్దులు, ఓడితే కన్నీళ్లు. ఇంత నిర్దాక్షిణ్యమైన ఏర్పాటు మరే క్రీడలోనూ లేదేమో! క్రికెట్టులో సున్నాకు అవుటైన వానిని సైతం పెవిలియన్ నీడలోకి వెళ్లనిస్తారు.

క్రీడాకారిణికి ఆ బల్లయినా ఉన్నది. ఎక్కడో వేల మైళ్ల దూరాన, అర్ధరాత్రి ఇంటిల్లిపాదీ నిద్రపోయాక టెలివిజన్ ముందు ఒంటరిగా కూర్చున్న అభిమానికి అదీ లేదు. ఆమెతో అతనికి బంధుత్వం లేదు, పరిచయం లేదు. అయినా ఆమె పడిన మరునాడు అతనికి అన్నం సయించదు. ఎందుకని ఎవరైనా అడిగితే సమాధానం చెప్పడానికి సిగ్గుపడతాడు కూడా.

ఈ అనుబంధం ఇంత గాఢంగా ఉండడానికి కారణం ఆ క్రీడ స్వభావంలోనే ఉన్నది. జట్టు ఓడితే ఆ భారాన్ని పదకొండుగురు పంచుకుంటారు. ఇక్కడ నాలుగు నిమిషాలసేపు ఆ విశాలమైన మంచుపై ఉండేది ఒక్క మనిషి. ఆ మనిషిని మోసేది సుమారు 4 మిల్లీమీటర్ల వెడల్పుగల ఉక్కు అంచు. నాలుగేళ్ల సాధన ఒక్క గెంతులో, సెకనుకన్నా తక్కువ వ్యవధిలో తేలిపోతుంది. ఏ గెంతు ఎప్పుడు వస్తుందో అభిమానికి ముందే తెలుసు. సంగీతంలో ఆ స్థానం సమీపించగానే ఊపిరి బిగబడుతుంది, కాళ్ల వేళ్లు ముడుచుకుంటాయి. అతను చూడడం లేదు, ఆమెతోపాటు గెంతుతున్నాడు. కనుకనే ఆమె పడితే అతనికీ దెబ్బ తగులుతుంది.

అభిమానుల ఈ దుఃఖం అందరిలో ఒకే తీరున ఉండదు. దాని రెండు ముఖాలూ ఒకే మంచురంగంపై, ఒకే రాత్రి కనిపించిన సందర్భం ఒకటున్నది. అది 2014 ఫిబ్రవరిలో రష్యాలోని సోచి నగరంలో జరిగిన శీతకాల ఒలింపిక్స్.

ఆనాటి మహిళల పోటీలో ఇద్దరిపై లోకం దృష్టి నిలిచింది. ఒకరు దక్షిణ కొరియాకు చెందిన కిమ్ యునా, మరొకరు జపాన్‌కు చెందిన అసాదా మావో. ఇద్దరూ 1990 సెప్టెంబరులో ఇరవై రోజుల తేడాతో జన్మించారు. బాల్యం నుండి ఒకరి ఎదుట ఒకరు నిలిచి పోటీ పడినవారు. 2010లో వాంకూవర్‌లో యునా 228.56 మార్కులతో స్వర్ణం గెలుచుకోగా, మావో 205.50తో రజతానికి పరిమితమైంది. నిజానికి ఆ పోటీలో మావో ఎవరికీ సాధ్యంకాని పని చేసింది. స్త్రీలలో బహుకొద్దిమందికే పట్టుబడిన ‘ట్రిపుల్ ఆక్సెల్’ గెంతును – ముందుకు సాగుతూ ఎగిరి గాలిలో మూడున్నర చుట్లు తిరిగే గెంతును – మూడుసార్లు సాధించింది. అయినా ఆమె కళ్లలో నీళ్లే నిలిచాయి. మరుసటి ఏడాది డిసెంబరులో ఆమె తల్లి మరణించింది. సోచిలో తొలి అంచె అయిన షార్ట్ ప్రోగ్రాంకు మావో మంచు మీదికి వచ్చినప్పుడు జపాను దేశం మొత్తం ఈ కథనంతటినీ మనసులో మోస్తూ కూర్చుంది.

ఫిబ్రవరి 19న ఆ షార్ట్ ప్రోగ్రాంలో మావో తొలి గెంతులోనే పడిపోయింది. రెండవ దానిలో భ్రమణం చాలలేదు. చివరి జంట గెంతు పూర్తి కానేలేదు. మార్కులు 55.51, స్థానం పదహారు. పతకం ఆశ ఆ క్షణంలోనే ముగిసింది. ఆమె ముఖంలో ఏడుపు కూడా లేదు. ఏం జరిగిందో తెలియని శూన్యం ఒక్కటే ఉన్నది.

అభిమానికి ఇటువంటి రాత్రి కన్నా కఠినమైనది లేదు. ఎందుకంటే తప్పు మోపడానికి ఎవరూ దొరకరు. మంచు బాగానే ఉన్నది, న్యాయనిర్ణేతలు సక్రమంగానే లెక్కించారు. పడింది ఆమే. ప్రేమించిన మనిషిని నిందించలేడు, ఇతరులను నిందించడానికి ఆధారం లేదు. ఆ దుఃఖానికి ఎటూ దారి ఉండదు.

ఆ మరునాడు ఇద్దరు వ్యక్తులు రెండు రకాలుగా స్పందించారు. ఒకరు జపాను మాజీ ప్రధాని మోరి యొషిరో. అప్పుడాయన 2020 టోక్యో ఒలింపిక్స్ నిర్వాహక సంఘానికి అధ్యక్షుడు కూడా. కీలకమైన సమయాల్లో ఆ అమ్మాయి తప్పక పడుతుందన్న అర్థంలో ఒక సభలో ఆయన వ్యాఖ్యానించారు. మరొకరు మావో. అదే రోజు రాత్రి – జపానులో అప్పటికి అర్ధరాత్రి దాటింది – ఆమె ఫ్రీ స్కేటింగ్‌కు దిగింది. రఖ్మనీనొవ్ రెండవ పియానో కచేరీ మొదలైంది. తొలి గెంతు ట్రిపుల్ ఆక్సెల్, నిన్న ఆమెను పడవేసినదే. ఈసారి నిలిచింది. ఆ తరువాత ఒకదాని వెనుక ఒకటిగా మూడు చుట్ల గెంతులన్నీ నిలిచాయి, మొత్తం ఎనిమిది. ఒకటి రెండింటిలో భ్రమణం రవ్వంత తక్కువైందని సాంకేతిక నిపుణులు పట్టుకున్నారు గాని, ఆ వేళ దాన్ని ఎవరు లెక్కపెట్టారు? సంగీతం ఆగిన క్షణాన ఆమె తల పైకెత్తి భోరున ఏడ్చింది. వెంటనే, ఆ ఏడుపులోనే, నవ్వడానికి ప్రయత్నించింది.

ఆమె మార్కులు 142.71. ఆ రాత్రి ఫ్రీ స్కేటింగ్‌లో అది మూడవ స్థానం. కాంస్యం గెలిచిన ఇటలీ క్రీడాకారిణి కరోలినా కోస్ట్నర్ కన్నా పదవ వంతు మార్కు ఎక్కువ. అయినా మొత్తం మీద మావోకు దక్కింది ఆరవ స్థానం. చరిత్ర పుస్తకంలో ఉండేది ఆ అంకె మాత్రమే. కానీ జపానులో ఆ రాత్రి మేలుకొని ఉన్నవారికి అది ఓటమిగా తోచలేదు. స్వర్ణపతకాలు కొన్ని మరపున పడతాయి. ఆ ఆరవ స్థానాన్ని నేటికీ తలచుకుంటున్నారు. మాజీ ప్రధాని వ్యాఖ్యపై దేశమంతటా ఆగ్రహం పెల్లుబికింది. స్వదేశానికి తిరిగివచ్చిన మావోను విలేఖరులు దాని గురించి ప్రశ్నించగా, ఆయన ఇప్పుడు ఆ మాటకు కొంత చింతిస్తూ ఉంటారేమోనని ఆమె సున్నితంగా బదులిచ్చింది. అభిమానులందరి కోపమూ చేయలేని పని ఆ ఒక్క వాక్యం చేసింది.

ఇక రెండవ ముఖం. అదే రాత్రి అందరికన్నా చివర యునా వచ్చింది. షార్ట్ ప్రోగ్రాంలో 74.92తో ఆమెదే మొదటి స్థానం. ‘అదియోస్ నొనీనొ’ సంగీతానికి తడబాటు లేకుండా స్కేటింగ్ చేసి ముగించింది. అయినా స్వర్ణం రష్యాకు చెందిన పదిహేడేళ్ల అదెలీనా సోత్నికోవాకు దక్కింది. మార్కులు 224.59, 219.11. సోత్నికోవా ఒక గెంతు చివర తడబడిన మాట వాస్తవం. యునా ఆరు మూడు చుట్ల గెంతులు చేయగా ఆమె ఏడు చేసిన మాటా వాస్తవమే. ఏది ఎక్కువ తూగుతుందన్నది నిపుణుల్లో నేటికీ తేలని వాదం.

ఇక్కడ అభిమానుల దుఃఖానికి దారి దొరికింది. తీర్పును పరిశీలించాలని కోరుతూ వెలువడిన విన్నపంపై కొద్ది కాలంలోనే పదిహేను లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. న్యాయనిర్ణేతల పూర్వోత్తరాలన్నీ వెలికి వచ్చాయి. వారిలో ఒకరు రష్యా స్కేటింగ్ సమాఖ్య పెద్ద ఒకరికి భార్య. మరొకరు 1998 ఒలింపిక్స్ తీర్పుల వ్యవహారంలో ఒక ఏడాది నిషేధానికి గురైనవారు. అప్పటి నిబంధనల ప్రకారం ఏ మార్కు ఎవరు వేశారన్నది రహస్యం కూడాను. దీంతో మార్కుల పట్టికలను వడ్డీ వ్యాపారి పద్దు పుస్తకంలా గీత గీతనా శోధించడమే అభిమానులకు దినచర్య అయింది. కొరియా స్కేటింగ్ సంఘం చేసిన ఫిర్యాదును అంతర్జాతీయ సంఘం ఆ ఏడాది జూన్‌లో త్రోసిపుచ్చింది.

ఆ అనుమానం ఆధారం లేనిదని కొట్టివేయడం తగదు. 2002లో సాల్ట్ లేక్ సిటీలో జంటల పోటీ తీర్పుపై దుమారం చెలరేగినప్పుడు, తనపై ఒత్తిడి వచ్చిందని ఫ్రెంచి న్యాయనిర్ణేత చెప్పింది. తరువాత మాట మార్చింది. చివరకు కెనడా జంటకు రెండవ స్వర్ణం ఇవ్వవలసి వచ్చింది. ఆరు మార్కుల పాత పద్ధతి దాని ఫలితంగానే 2004లో అంతరించింది. విచిత్రమేమంటే, న్యాయనిర్ణేతలపై ఒత్తిడి రాకుండా ఉండాలని అప్పుడు ప్రవేశపెట్టిన రహస్యమే సోచిలో అనుమానాన్ని పెంచింది. 2016లో దానినీ తొలగించారు. అభిమానుల కోపం వల్లనే ఈ మార్పులు వచ్చాయని చెప్పలేము గాని, ఆ కోపం లేకుంటే ఇంత త్వరగా వచ్చేవి కావు.

అయితే ఆ కోపానికి ఒక అలవాటున్నది. అది పట్టికలతో మొదలై మనుషుల మీదికి వెళుతుంది. తన మార్కులు తాను వేసుకోని పదిహేడేళ్ల పిల్లను ప్రపంచం నలుమూలల నుండి దొంగ అని పిలిచారు. తన జీవితంలోకెల్లా గొప్ప ప్రదర్శన ఇచ్చిన రాత్రిని ఆ బాలిక నిశ్చింతగా తలచుకొనే అవకాశం పోయింది. యునా మాత్రం ఫలితాన్ని స్వీకరిస్తున్నాననీ, చేయగలిగినదంతా చేశాననీ చెప్పి పోటీల నుండి తప్పుకొన్నది. ఆమె ముగించిన చోట అభిమానులు ముగించలేకపోయారు. అన్యాయం జరిగిందని నమ్మిన వారికి ఆ రాత్రి తెల్లవారదు.

పడిపోయిన వారిని ప్రేమించడం జపాను ప్రేక్షకులకు కొత్తకాదు. 1972 ఫిబ్రవరిలో సప్పొరోలో ఒలింపిక్స్ జరిగినప్పుడు అమెరికా నుండి వచ్చిన పద్దెనిమిదేళ్ల జానెట్ లిన్, ఫ్రీ స్కేటింగ్ మధ్యలో కూర్చుని తిరిగే ఒక భ్రమణంలో మంచు మీద చతికిలబడింది. ఒలింపిక్స్‌లో పడిన వారి ముఖం ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. ఈ అమ్మాయి మాత్రం నవ్వుతూ లేచి, ఏమీ జరగనట్టే తన ఆటను కొనసాగించింది. ఆ రోజుల్లో మంచుపై వలయాలు గీసే పరీక్షకే సగం మార్కులు ఉండేవి. అందులో సాటిలేని ఆస్ట్రియా క్రీడాకారిణి బేయట్రిక్స్ షూబా ఫ్రీ స్కేటింగ్‌లో ఏడవ స్థానంలో ఉండి కూడా స్వర్ణం గెలిచింది. జానెట్‌కు కాంస్యం దక్కింది.

కానీ జపాను ప్రజలు షూబాను కాదు, జానెట్‌ను దత్తత తీసుకున్నారు. ఆమెకు ఉత్తరాలు వెల్లువెత్తాయి. ఆ తరువాత అక్కడి వాణిజ్య ప్రకటనలలోనూ ఆమె కనిపించింది. ఇటువంటి ఫలితాలు టెలివిజన్ ప్రేక్షకులకు అర్థం కావడం లేదన్న కారణాన 1973 నుండి వలయాల ప్రాముఖ్యం తగ్గించి షార్ట్ ప్రోగ్రాంను చేర్చారు. జానెట్ వంటి వారికి మేలు చేయాలని వచ్చిన మార్పు అది. ఆ ఏడాది ప్రపంచ పోటీలో ఆమె ఆ కొత్త అంచెలోనే తడబడి రజతంతో సరిపెట్టుకున్నది. విధికి హాస్యప్రియత్వం ఎక్కువ.

యునా, మావోల అభిమానుల మధ్య సోచికి ముందే సుమారు పదేళ్లుగా సాగిన వైరం సామాన్యమైనది కాదు. రెండు దేశాల పాత చరిత్ర కూడా దానిలో కలిసింది. ఒకరి గెంతులో లోపం దొరికితే మరొకరి ఇంట పండుగ. ఆమె ఓడిపోతే బాగుండునని ఎదుటి పక్షంవారు కోరుకోని పోటీ లేదు. ఆ పదేళ్లలో ఆ ఇద్దరు యువతులు ఒకరితో ఒకరు మాట్లాడుకున్న మాటలు బహుశా వేళ్లపై లెక్కపెట్టవచ్చు.

సోచిలో ఆ రాత్రి పోటీలన్నీ ముగిశాక, రజతపతకం మెడలో వేసుకున్న యునాను మావో గురించి ఏమంటారని అడిగారు. తమ ఇద్దరినీ పోల్చినంతగా మరెవరినీ పోల్చి ఉండరని ఆమె అన్నది. ఆ మీదట, మావో కళ్లలో నీళ్లు చూసినప్పుడు తనకూ గొంతు పూడుకుపోయిందని చెప్పింది.