శాపం కాదు, జబ్బు. మన ఇంటి చావుల లెక్క మనమే రాద్దాం

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

న్యూజిలాండ్‌లో మావోరీలు అని మనలాంటి ఆదివాసీలున్నారు. టౌరంగా ప్రాంతంలో వాళ్ళ పెద్ద కుటుంబం ఒకదాంట్లో సుమారు 30 ఏళ్ళలో 25 మంది కడుపు క్యాన్సర్‌తో పోయారు. ఎక్కువమంది 40 లోపు వాళ్ళే. ఒకరికైతే 14 ఏళ్ళు. జనం శాపం అన్నారు. కానీ ఆ కుటుంబం ఊరుకోలేదు. తామే ఒటాగో యూనివర్సిటీ శాస్త్రవేత్తల దగ్గరకి వెళ్ళింది. తరతరాల చుట్టరికాలు చెప్పింది, రక్తం ఇచ్చింది. 1998లో జవాబు దొరికింది: సీడీహెచ్1 అనే జన్యువులో మార్పు. అమ్మానాన్నల్లో ఒకరికి అది ఉంటే ప్రతి బిడ్డకీ వచ్చే అవకాశం సగం.

ఈ రకం క్యాన్సర్ గడ్డ కట్టదు. కడుపు పొర కింద చెల్లాచెదురుగా పాకుతుంది, అందుకే మొదట్లో ఎండోస్కోపీకి కూడా చిక్కకపోవచ్చు. ఆ మార్పు ఉందని తేలినవాళ్ళు చాలామంది ముందే కడుపు తీయించుకుంటారు. మావోరీ గాయకుడు స్టాన్ వాకర్ 2017లో అదే చేశాడు. కడుపు లేకపోయినా కొంచెం కొంచెంగా తింటూ బతకొచ్చు.

ఇది చదువుతుంటే మా పెదనాన్న కొడుకే గుర్తొచ్చాడు. 31 ఏళ్ళకే పోయాడు. రెండు ముద్దలకే కడుపు నిండిపోయేది, మనిషి చిక్కిపోయాడు. ఆసుపత్రికి వెళ్తే 'ఈ వయసులో గ్యాసే' అని బిళ్ళలిచ్చి పంపేశారు. ఎండోస్కోపీ చేసేసరికి క్యాన్సర్ కాలేయం దాకా పాకింది. పోయాక ఊళ్ళో చిల్లంగి అన్నారు. ఒంటరి ముసలమ్మ ఒకామె మీద అనుమానం పెట్టారు. ఆమె గడప ఎవరూ తొక్కలేదు. జబ్బు ఒకర్ని తీసుకుపోతే, మాట ఇంకొకర్ని బతికుండగానే చంపింది.

అలాగని 'ఆదివాసీ రక్తంలోనే లోపం ఉంది' అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆ జన్యు మార్పు అందరు మావోరీల్లోనూ లేదు, ఇతర జాతుల కుటుంబాల్లోనూ ఉంది. మావోరీల్లో కడుపు క్యాన్సర్ ఎక్కువ ఉండడానికి పెద్ద కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి. ఇరుకిళ్ళు, పేదరికం ఉన్నచోట చిన్నప్పుడే అంటుకుంటుంది. ఈ క్రిమిని కనిపెట్టినందుకు 2005లో ఇద్దరు ఆస్ట్రేలియా డాక్టర్లకి నోబెల్ వచ్చింది. పరీక్షతో తెలుస్తుంది, మందుల కోర్సుతో పోతుంది. మన దేశంలో కడుపు క్యాన్సర్ బాగా ఎక్కువున్నది మిజోరాం రాజధాని ఐజ్వాల్‌లో. అక్కడ పొగబెట్టిన మాంసానికీ, 'తుయిబుర్' అనే పొగాకు నీళ్ళకీ దీనితో సంబంధం ఉందని పరిశోధకులు చూపించారు. అంటే జాతి ఒక్కటే కాదు. ఇల్లు, నీళ్ళు, తిండి, ఆసుపత్రి ఎంత దూరం అన్నవీ లెక్కలోకి వస్తాయి.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఒక మాట. కడుపు నొప్పి వారాల తరబడి తగ్గకపోయినా, కొంచెం తినగానే నిండినట్టున్నా, బరువు తగ్గినా, మలం నల్లగా వచ్చినా 'వయసు చిన్నదే కదా' అనే మాటతో ఇంటికి రావద్దు. ఎండోస్కోపీ కావాలా అని గట్టిగా అడగండి. ఇంట్లో ఇంతకుముందు ఎవరైనా కడుపు క్యాన్సర్‌తో పోయుంటే అది డాక్టర్‌కి చెప్పండి.

ఈ సెలవుల్లో తాతలు, అమ్మమ్మల పక్కన కూర్చుని ఎవరు ఏ వయసులో, ఏ బాధతో పోయారో ఒక నోటుబుక్‌లో రాయండి. మన పెద్దలకి ఏడు తరాలు నోటికొచ్చు. ఆ మావోరీ కుటుంబాన్ని కాపాడింది అలాంటి జ్ఞాపకమే.

జై ఆదివాసీ.